స్టార్ వార్స్‌లో బ్రిటన్ వాటా ఎంత?

1978 ఏప్రిల్ 3న లాస్ ఏంజెలిస్‌లో 50వ ఆస్కార్ వేడుక జరిగింది. కాస్ట్యూమ్ డిజైన్ అవార్డు అందుకోవడానికి జాన్ మోలో అనే ఆంగ్లేయుడు వేదిక ఎక్కాడు. చుట్టూ సినిమాలోని విలన్ డార్త్ వేడర్, అతని సైనికులైన తెల్ల కవచాల స్టార్మ్‌ట్రూపర్లు నిలబడి ఉన్నారు. వీటిని దుస్తులనే కంటే కొంత ప్లంబింగ్ పని, కొంత ఆటోమొబైల్ ఇంజినీరింగ్ అంటే సరిపోతుందని ఆయన ఆ వేదిక మీదే చెప్పాడు.

ఆ రాత్రి ‘స్టార్ వార్స్’కి పోటీ విభాగాల్లో ఆరు ఆస్కార్లు వచ్చాయి. శబ్దాలు సృష్టించిన బెన్ బర్ట్‌కి విడిగా ఒక ప్రత్యేక అవార్డు ఇచ్చారు. ఆ ఆరింటిలో నాలుగు విభాగాల విజేతల్లో బ్రిటిష్ పేర్లున్నాయి. ఆర్ట్ డైరెక్షన్‌లో అయితే అవార్డు తీసుకున్న నలుగురూ బ్రిటిష్ వాళ్లే. అయిదో విభాగమైన సంగీతంలో స్వరకర్త జాన్ విలియమ్స్ అమెరికన్, కానీ వాయించింది లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా. ఎడిటింగ్ ఒక్కటే పూర్తిగా అమెరికన్ల ఖాతాలో పడింది.

అయినా ఇది అమెరికా సినిమా అనడంలో ఎవరికీ సందేహం లేదు. రాసి, తీసిన జార్జ్ లూకాస్ కాలిఫోర్నియాలోని మొడెస్టో ఊరివాడు. డబ్బు పెట్టింది ట్వెంటీయత్ సెంచరీ ఫాక్స్. కథలో వెస్టర్న్ సినిమాల వాసన, అమెరికన్ కుర్రాళ్ల కార్ల పిచ్చి అడుగడుగునా కనిపిస్తాయి. మరి ఇంతమంది బ్రిటిష్ వాళ్లు ఇందులోకి ఎలా వచ్చారు? వాళ్ల పని లేకపోతే ఈ సినిమా ఎలా ఉండేది? ఈ ప్రశ్నకు రెండు తొందరపాటు జవాబులు వినిపిస్తుంటాయి. లండన్ చవక కాబట్టి వెళ్లారు, కూలికి పని చేయించుకున్నారు అనేది ఒకటి. అసలు ఇది బ్రిటిష్ సినిమాయే, అమెరికా ముద్ర వేసుకుంది అనేది రెండోది. రెండూ తప్పుదారి పట్టిస్తాయి. మన సినిమావాళ్లు 24 క్రాఫ్ట్స్ అంటారు కదా, అలా ఒక్కో క్రాఫ్ట్‌ని విడదీసి చూస్తే తప్ప ఈ చిక్కు వీడదు.

లండన్ వెళ్లడానికి డబ్బు పెద్ద కారణమే. బడ్జెట్ మొదట్లో సుమారు 80 లక్షల డాలర్లు. చివరికి అది కోటీ పది లక్షల దాకా పెరిగింది. కథకు కావలసిన ఎడారి ఊళ్లు, అంతరిక్ష నౌకలు, డెత్ స్టార్ అనే శత్రువుల అంతరిక్ష స్థావరం లోపలి వరండాలు, తిరుగుబాటుదారుల స్థావరం ఆ మొత్తంలోనే కట్టాలి. ఇన్ని సెట్లు ఒకదాని వెంట ఒకటి లేవాలంటే పెద్ద పెద్ద ఫ్లోర్లు పక్కపక్కనే, నెలల తరబడి ఖాళీగా దొరకాలి. లండన్‌కు ఉత్తరాన బోరమ్‌వుడ్‌లో ఉన్న ఈఎంఐ వాళ్ల ఎల్‌స్ట్రీ స్టూడియోలో అప్పుడు సరిగ్గా అదే పరిస్థితి.

అది సంతోషించాల్సిన ఖాళీ కాదు. 1960లలో హాలీవుడ్ కంపెనీల డబ్బుతో లండన్ స్టూడియోలు కళకళలాడాయి. ఆ దశకం ముగిసేసరికి ఆ డబ్బు వెనక్కి పోయింది. ఎల్‌స్ట్రీకి పక్కనే ఉన్న ఎంజీఎం బ్రిటిష్ స్టూడియో 1970లో మూతపడింది. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ అంతరిక్ష చిత్రం ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ తీసింది అక్కడే. ఎల్‌స్ట్రీలోనూ ఉద్యోగాలు పోయాయి, అది కూడా మూతపడుతుందేమోనన్న భయం ఉండేది. 1976 మార్చిలో పౌండు విలువ మొదటిసారిగా రెండు డాలర్ల కిందికి జారింది. డాలర్లతో వచ్చినవాడికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

చవక కథ ఇక్కడితో ఆగిపోతే కూలి లెక్క నిజమయ్యేది. కానీ ఖాళీగా ఉన్నవి ఫ్లోర్లు మాత్రమే కాదు. కుబ్రిక్ దగ్గర, జేమ్స్ బాండ్ సినిమాల్లో పదిహేనేళ్లుగా రాటుదేలిన పనివాళ్లు కూడా సరైన పని కోసం ఎదురు చూస్తున్నారు. ‘2001’లో మనుషులకు వానరాల రూపం ఇచ్చిన మేకప్ నిపుణుడు స్టూవర్ట్ ఫ్రీబోర్న్, అదే సినిమా చివర్లో కనిపించే శిశువు బొమ్మను చెక్కిన లిజ్ మూర్, బాండ్ సినిమా ‘థండర్‌బాల్’ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ అందుకున్న జాన్ స్టియర్స్, కుబ్రిక్ ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’కి సెట్లు వేసిన జాన్ బారీ, ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’కి కెమెరా పట్టిన గిల్బర్ట్ టేలర్ అందరూ లండన్ చుట్టుపక్కలే ఉన్నారు. లూకాస్ వయసు అప్పుడు ముప్పై ఒకటి, ముప్పై రెండు. అంతకు ముందు తీసినవి రెండే సినిమాలు, రెండూ చిన్న బడ్జెట్‌వి. ఇంత పెద్ద సెట్ల సినిమా ఆయనకు కొత్త. ఈ బృందానికి మాత్రం అలవాటైన పని.

జాన్ బారీ బృందంతో లూకాస్ పరిచయం జరిగింది లండన్‌లో కాదు, మెక్సికోలో. ‘లక్కీ లేడీ’ అనే సినిమా అక్కడ షూటింగ్ జరుపుకుంటున్నప్పుడు, దాని రచయితలు తన స్నేహితులు కావడంతో లూకాస్ సెట్‌కి వెళ్లాడు. ప్రొడక్షన్ డిజైనర్ బారీ, ఆయన కింద పని చేస్తున్న నార్మన్ రేనాల్డ్స్, సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ అక్కడ ఉన్నారు. వాళ్లు వేసిన సెట్లు పాతబడి, వాడి వదిలేసినట్టు సహజంగా ఉన్నాయి. లూకాస్ తన అంతరిక్ష కథకు వెతుకుతున్నది కూడా అదే. అప్పటిదాకా సైన్స్ ఫిక్షన్ అంటే తళతళలాడే తెల్లగోడలు, మరకలేని యూనిఫాంలు. లూకాస్‌కి మాత్రం అంతరిక్ష నౌకలో నూనె కారాలి, రోబోలకు గీతలు పడాలి, ఊరి బయట పాత సామాన్ల కుప్ప ఉండాలి.

ఆ ఆలోచన లూకాస్‌దే, దానికి రంగుల్లో మొదటి రూపం ఇచ్చిన చిత్రకారుడు రాల్ఫ్ మెక్‌క్వారీ కూడా అమెరికనే. అయితే కాగితం మీది బొమ్మను నటులు నడిచే చోటుగా మార్చే దారి ఎవరు కనిపెట్టారు? నా దృష్టిలో ఈ సినిమాలో బ్రిటన్ వాటాకి గుండెకాయ ఇక్కడే ఉంది.

సెట్ డ్రెస్సింగ్‌కు రోజర్ క్రిస్టియన్ దగ్గర ఉన్న డబ్బు చాలా తక్కువ. నౌక లోపలి యంత్రాలన్నీ కొత్తగా చేయించాలంటే అసాధ్యం. ఆయన పాత విమానాల తుక్కు కొన్నాడు. అప్పట్లో బ్రిటన్‌లో అది తూకానికి, కారుచవకగా దొరికేది. జెట్ ఇంజిన్లు విప్పి, ముక్కలు వేరుచేసి, రకాలవారీగా పేర్చి, వాటిని గోడలకు బిగించాడు. హీరోలు తిరిగే నౌక మిలీనియం ఫాల్కన్ లోపల కనిపించే పైపులు, మీటలు, డబ్బాల వెనక ఉన్న పద్ధతి ఇదే. మాస్ ఐస్లీ అనే ఎడారి ఊరి సారాకొట్టులో బల్ల వెనక పానీయాలు పోసే గొట్టాలుగా కనిపించేవి రోల్స్ రాయిస్ డెర్వెంట్ జెట్ ఇంజిన్‌లో ఇంధనం మండే గదులు. నిజంగా ఎగిరిన యంత్రాల భాగాలు కాబట్టి వాటికి బరువు ఉంది, వాడకపు గీతలు ఉన్నాయి, ప్రతి బోల్టూ ఏదో పని కోసమే ఉన్నట్టుంటుంది. వడ్రంగి చెక్కతో చేసి వెండిరంగు పూస్తే ఆ నమ్మకం రాదు.

ఆయుధాల దగ్గరా అదే పద్ధతి. స్టార్మ్‌ట్రూపర్ల చేతుల్లో ఉన్నది బ్రిటిష్ సైన్యం అప్పట్లో వాడిన స్టెర్లింగ్ సబ్‌మెషీన్ గన్. దానికి కొన్ని పట్టీలు, ఒక దుర్భిణి తగిలించారు. ఫాల్కన్ నడిపే హాన్ సోలో పిస్తోలు పాతకాలపు జర్మన్ మౌజర్. సినిమాలకు ఆయుధాలు అద్దెకిచ్చే బాప్టీ అనే లండన్ కంపెనీ నుంచి వాటిని తెచ్చారు.

ఇక లైట్‌సేబర్, అంటే కాంతితో వెలిగే కత్తి. ప్రపంచంలో ఇంత పేరున్న సినిమా వస్తువు మరొకటి ఉంటుందనుకోను. కథానాయకుడు లూక్ స్కైవాకర్ కత్తి పిడి కోసం క్రిస్టియన్ లండన్‌లో ఒక ఫొటోగ్రఫీ దుకాణంలో వెతుకుతుంటే పాత పెట్టెల్లో గ్రాఫ్లెక్స్ ప్రెస్ కెమెరాల ఫ్లాష్ పిడులు కనిపించాయి. గ్రాఫ్లెక్స్ అమెరికన్ కంపెనీ, అదొక తమాషా. చేతిలో పట్టుకోగానే ఇదే అని ఆయనకు తెలిసిపోయిందట. పట్టు కోసం దానికి నల్లటి పట్టీలు అతికించాడు, క్లిప్పు ఉన్నచోట కాలిక్యులేటర్ డిస్‌ప్లే మీది బుడగల పట్టీ ముక్క పెట్టాడు. పని పూర్తి. అతని గురువు, జెడై అనే యోధుల కోవకు చెందిన ఒబీ వాన్ కత్తి పిడిలో అయితే మొదటి ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ రైఫిల్ గ్రెనేడ్ భాగం, డెర్వెంట్ ఇంజిన్ పైపు ముక్క, ఆర్మిటేజ్ షాంక్స్ వాళ్ల కుళాయి తిప్పే పిడి ఉన్నాయి. బ్రిటన్‌లో ఇంటింటి బాత్రూంలో కనిపించే కంపెనీ అది. జెడై వీరుడి ఆయుధానికి చివర ఉన్నది కుళాయి పిడి అని తెలిసినా తెర మీద దాని గాంభీర్యం కాస్త కూడా తగ్గదు. ఆ చేతిపనికి ఇంతకంటే మెప్పు ఏముంటుంది?

వెలిగే కత్తి భాగం జాన్ స్టియర్స్ బృందం బాధ్యత. కాంతిని వచ్చిన దిక్కుకే తిప్పి పంపే స్కాచ్‌లైట్ పూత పూసిన కడ్డీని పిడిలోని మోటారుతో గిరగిర తిప్పారు. కెమెరా దగ్గర అద్దం పెట్టి దాని మీద కాంతి పడేలా చేశారు. తర్వాత అమెరికాలో ఫ్రేము ఫ్రేముకీ రంగు, మెరుపు చేర్చారు. ఒక్క కత్తిలోనే రెండు దేశాల పని కలిసిపోయింది. ల్యాండ్‌స్పీడర్ అనే నేలకు ఆనని కారు కథ కూడా ఇలాంటిదే. దాన్ని తయారు చేసింది లెచ్‌వర్త్‌లోని ఓగ్ల్ డిజైన్ సంస్థ. కింద ఉన్నది బాండ్ బగ్ అనే మూడు చక్రాల చిన్న బ్రిటిష్ కారు. చక్రాలు కనబడకుండా పక్కల అద్దాలు బిగిస్తే వాటిలో ఇసుక ప్రతిబింబించి, బండి గాల్లో తేలుతున్నట్టు కనిపించింది.

సెట్ల విషయంలో బారీ పొదుపు చూస్తే ముచ్చటేస్తుంది. ఎల్‌స్ట్రీలో మిలీనియం ఫాల్కన్‌ను బయటి నుంచి సగమే కట్టారు. పూర్తిగా కడితే ఫ్లోర్ చాలదు. కట్టిన సగాన్ని కదిలించడం కూడా సాధ్యం కాదు. అందుకని దాన్ని అక్కడే ఉంచి, చుట్టూ మొదట ఎడారి ఊరి డాకింగ్ బే సెట్ వేశారు, తర్వాత దాన్ని తీసేసి డెత్ స్టార్ హ్యాంగర్ కట్టారు. ఓడ నిలబడే ఉంది, లోకమే దాని చుట్టూ మారింది. డెత్ స్టార్ వరండాలకు ఒకే రకం పలకలు చేసి, వాటినే తిప్పి తిప్పి బిగించారు. తిరుగుబాటుదారుల హ్యాంగర్, చివరి పతకాల సన్నివేశం ఎల్‌స్ట్రీలో పట్టక, షెప్పర్టన్ స్టూడియోలోని భారీ హెచ్ స్టేజికి వెళ్లారు.

ఫాల్కన్ ఆకారంలో బ్రిటన్ ప్రభావం ఇంకో రకంగా కూడా ఉంది. అమెరికాలో మొదట గీసిన నమూనా బ్రిటిష్ టీవీ సీరియల్ ‘స్పేస్: 1999’లోని ఈగల్ నౌకకు దగ్గరగా ఉందని లూకాస్ పక్కన పెట్టించాడు. ఆ పాత నమూనాను మార్చి సినిమా మొదట్లో కనిపించే రాకుమారి ఓడకు వాడారు. ఫాల్కన్‌కి గుండ్రటి కొత్త రూపం అలా వచ్చింది.

కెమెరా విషయంలో మాత్రం కథ ఇంత సామరస్యంగా లేదు. లూకాస్ మొదట అనుకున్నది జెఫ్రీ అన్‌స్వర్త్‌ని. ‘2001’కి పని చేసిన ఆయన వేరే సినిమాకు వెళ్లిపోవడంతో గిల్బర్ట్ టేలర్ వచ్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో రాయల్ ఎయిర్ ఫోర్స్ కెమెరామన్‌గా జర్మనీ మీద బాంబు దాడులను విమానంలోంచి చిత్రీకరించిన మనిషి. 1955లో వచ్చిన బ్రిటిష్ యుద్ధచిత్రం ‘ది డ్యామ్ బస్టర్స్’కి ఎఫెక్ట్స్ ఫొటోగ్రఫీ ఆయనదే. స్టార్ వార్స్ క్లైమాక్స్‌లో కందకంలాంటి ఇరుకుదారిలో నౌకలు దూసుకెళ్లి చిన్న గురిని కొట్టే పోరాటానికి లూకాస్ నమూనాగా పెట్టుకున్న సినిమాల్లో అదొకటి. తన పాత సినిమా నీడ ఉన్న సినిమాకి కెమెరా పట్టే అవకాశం టేలర్‌కి ఇలా వచ్చింది.

లూకాస్‌కి కలలాంటి మెత్తని దృశ్యం కావాలి, లెన్స్ ముందు వల కట్టమన్నాడు. టేలర్ ఒప్పుకోలేదు. వినాశనం అంచున ఉన్న లోకం నిజంగా ఉన్నట్టు, పదునుగా కనబడాలన్నది ఆయన పట్టుదల. పైగా తర్వాత అమెరికాలో మోడళ్ల షాట్లతో ఈ దృశ్యాలను కలపాలి, అంచులు మసకబారితే అతుకు కుదరదు. ఫాక్స్ టేలర్ వైపే మొగ్గింది. డెత్ స్టార్ గోడలు నలుపు, బూడిద రంగుల్లో ఉండి వెలుతురంతా పీల్చేస్తుంటే, ఆయన గోడల్లో, కప్పుల్లో, నేలలో కన్నాలు కొట్టించి లోపల క్వార్ట్జ్ దీపాలు పెట్టించాడు. ఆ దీపాల వరసలే ఇప్పుడు మనం డెత్ స్టార్ అనగానే గుర్తు తెచ్చుకునే రూపం. దర్శకుడితో సరిగ్గా మాటలు లేని స్థితిలో ఒక కెమెరామన్ తీసుకున్న నిర్ణయం సినిమాకి ముఖమైంది. ఈ గొడవలో నేను టేలర్ పక్షమే.

యూనిట్‌లో టెన్షన్ అంతటా ఉండేది. ఎల్‌స్ట్రీ యూనియన్ నిబంధనల ప్రకారం సాయంత్రం అయిదున్నరకు పని ఆపాలి. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి టీ విరామం తప్పనిసరి. షాట్ మధ్యలో ఉంటే కొద్దిసేపు పొడిగించాలా వద్దా అని యూనిట్ ఓటు వేయాలి. కాలిఫోర్నియాలో చిన్న బృందంతో రాత్రింబవళ్లు పని చేసిన లూకాస్‌కి ఇది మింగుడుపడలేదు. ఆయన మాట తక్కువ మనిషి, మనసులో ఉన్నది వివరించేవాడు కాదు. చాలామంది టెక్నీషియన్లకి ఇదేదో పిల్లల సినిమా అనిపించింది, కొందరు నవ్వుకున్నారు కూడా. ఆ సంగతి పదే పదే చెప్పి బ్రిటిష్ యూనిట్‌ని తక్కువ చేసేవాళ్లున్నారు. కానీ ఆ నిబంధనలు పోరాటాలతో కార్మికులు సాధించుకున్న హక్కులు, మన దగ్గర కాల్‌షీట్ టైమింగుల కోసం యూనియన్లు నిలబడ్డట్టే. పైగా నవ్వుకున్నవాళ్ల చేతుల్లోంచి వచ్చిన పని తెర మీదే ఉంది. చివర్లో ఫాక్స్ తొందరపెడితే యూనిట్‌ని మూడుగా చీల్చి ఒకేసారి షూట్ చేశారు. అందులో ఒకదాన్ని నడిపింది బ్రిటిష్ ప్రొడక్షన్ సూపర్‌వైజర్ రాబర్ట్ వాట్స్.

దుస్తుల విషయానికొస్తే, జాన్ మోలో అసలు సైనిక యూనిఫాంల చరిత్రకారుడు. సినిమాలకు సలహాదారుగా పని చేసేవాడు. సైన్స్ ఫిక్షన్ ఆయన రంగం కాదు, అదే మంచిదైంది. మెక్‌క్వారీ బొమ్మ పక్కన పెట్టుకుని, బర్మన్స్ అండ్ నేథన్స్ అనే లండన్ కాస్ట్యూమ్ కంపెనీ గోదాములోంచి మోటార్‌సైకిల్ వాళ్ల తోలు సూటు, సన్యాసి అంగీ, జర్మన్ హెల్మెట్, గ్యాస్ మాస్క్ తీసి ఒకదాని మీద ఒకటి వేసి చూశాడు. డార్త్ వేడర్ మొదటి అచ్చు రూపం అది. సామ్రాజ్యపు అధికారుల యూనిఫాంలకు జర్మన్ సైనిక దుస్తుల ఛాయ ఇచ్చాడు. చూసేవాడికి ఎవరు దుర్మార్గులో ఒక్క డైలాగు లేకుండా అర్థమైపోతుంది.

మోలో దగ్గర మొదలైన ఆ రూపాన్ని మట్టిలో చెక్కింది బ్రయాన్ మ్యూర్ అనే యువ శిల్పి. వేడర్ శిరస్త్రాణం, ముఖం, ఛాతీ కవచం ఆయన చేతివే. బంగారు రోబో సీ-త్రీపీఓ శరీరాన్ని లిజ్ మూర్ చెక్కింది. ఆమె సినిమా విడుదల చూడలేదు, 1976లోనే రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. ఇద్దరి పేర్లూ సినిమా టైటిల్స్‌లో లేవు. కోట్ల మంది పిల్లల గదుల్లో ఉన్న ఆ ముఖాలను చెక్కినవాళ్ల పేర్లు ఇంతకాలం అభిమానులకు కూడా సరిగ్గా తెలియకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

ఒళ్లంతా వెంట్రుకలుండే హాన్ సోలో సహచరుడు చ్యూబాకా స్టూవర్ట్ ఫ్రీబోర్న్ సృష్టి. మోహెయిర్‌తో అల్లిన సూటులోకి జడలబర్రె వెంట్రుకలు ముడివేశారు. అందులో దూరింది ఏడడుగుల మూడంగుళాల పీటర్ మేహ్యూ, లండన్ ఆస్పత్రిలో పని చేసే ఉద్యోగి. 1976 వేసవి బ్రిటన్‌లో రికార్డు ఎండలు, కరువు. ఆ ఎండల్లో, ఆ సూటులో ఆయన పడ్డ అవస్థ ఊహించుకోవచ్చు. సారాకొట్టులోని వింత ప్రాణుల పని మాత్రం ఫ్రీబోర్న్ జబ్బు పడడంతో సగంలో ఆగింది. మిగిలినవాటిని 1977 జనవరిలో రిక్ బేకర్ బృందం కాలిఫోర్నియాలో తయారు చేసింది. ఆ సన్నివేశంలో ఒక షాట్ లండన్‌ది, పక్క షాట్ లాస్ ఏంజెలిస్‌ది. చూసేవాడికి తేడా తెలియదు.

నటీనటుల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వై’కి ఆస్కార్ అందుకున్న అలెక్ గిన్నెస్ ఒబీ వాన్‌గా రావడం కొత్త ముఖాల సినిమాకి పెద్ద బలం. ఆయన జీతంతో పాటు లాభాల్లో రెండు శాతానికి పైగా వాటా తీసుకున్నాడు, అది ఆయన్ని ధనవంతుణ్ని చేసింది. హ్యామర్ హారర్ చిత్రాల పీటర్ కుషింగ్ గవర్నర్ టార్కిన్. ఇచ్చిన బూట్లు పట్టకపోతే కాళ్లు ఫ్రేములో కనబడని షాట్లలో చెప్పులతోనే నటించాడు. చిన్న రోబో ఆర్‌టూ-డీటూ డబ్బాలో ఉన్నది బర్మింగ్‌హామ్ వాడైన మూడడుగుల ఎనిమిదంగుళాల కెన్నీ బేకర్. తన కామెడీ జోడీ జాక్ పర్విస్‌ని వదిలి రానన్నాడు, పర్విస్‌కి జావాలనే పొట్టి ఎడారి జీవుల నాయకుడి వేషం ఇచ్చారు. కత్తియుద్ధాలు నేర్పిన ఫైట్ మాస్టర్ పీటర్ డైమండ్ టస్కెన్ రైడర్ అనే ఎడారి దోపిడీదారుగా కనిపిస్తాడు కూడా.

గొంతుల దగ్గర రెండు ఎదురెదురు కథలున్నాయి. వేడర్ దేహం బ్రిస్టల్ వాడైన బరువులెత్తే ఆటగాడు డేవిడ్ ప్రౌజ్‌ది. చ్యూబాకా, వేడర్ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే విలన్‌ని ఎవరూ మర్చిపోరని వేడర్‌నే కోరుకున్నానని ఆయనే చెప్పాడు. సెట్‌లో డైలాగులన్నీ తన పశ్చిమ ఇంగ్లండ్ యాసలో చెప్పాడు. తెర మీద వినబడింది అమెరికన్ నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతు. ఒకరి దేహానికి మరొకరి గొంతు పెట్టడం తెలుగు ప్రేక్షకుడికి కొత్త కాదు, తెర వెనక ఉన్నవాడి బాధ కూడా మనకు తెలుసు. త్రీపీఓ విషయంలో లూకాస్ ముందు అనుకున్నది పాత కార్లు అమ్మే అమెరికన్ గడుసు గొంతు. ఎన్ని గొంతులు ప్రయత్నించినా, సూటులో ఉన్న ఆంథొనీ డేనియల్స్ సెట్‌లో పలికిన కంగారు బట్లర్ గొంతుకు సాటి రాలేదు. చివరికి దాన్నే ఉంచారు. త్రీపీఓ స్వభావాన్ని నిర్ణయించింది దర్శకుడి ఊహ కాదు, మైమ్ (మాటల్లేని అభినయం) నేర్చుకున్న ఒక బ్రిటిష్ నటుడి గొంతు.

సంగీతం 1977 మార్చిలో బకింగ్‌హామ్‌షైర్‌లోని డెనమ్‌లో, ఆన్విల్ స్టూడియోలో రికార్డయింది. ఎనభై మందికి పైగా వాద్యకారులు, సౌండ్ ఇంజినీరు ఎరిక్ టామ్లిన్‌సన్. ట్రంపెట్ ప్రధాన వాద్యకారుడు మారిస్ మర్ఫీకి లండన్ సింఫనీలో అదే మొదటి రికార్డింగ్. టైటిల్ పడగానే పైకి లేచే ఆ ట్రంపెట్ స్వరం ఆయనది. సినిమాల కోసం అప్పటికప్పుడు పోగు చేసిన బృందం కాకుండా, ఏళ్ల తరబడి కలిసి సింఫనీలు వాయించే ఆర్కెస్ట్రా కావడం వల్ల ఆ రికార్డింగులో ఒక నిండుతనం ఉంది. విలియమ్స్ స్వరరచనలో స్వరకర్త హోల్స్ట్ రాసిన ‘ది ప్లానెట్స్’ ఛాయలు వినిపిస్తాయని సంగీతం తెలిసినవాళ్లు అంటారు. హోల్స్ట్ కూడా ఆంగ్లేయుడే.

ఇక బ్రిటన్ వాటా కానిది ఏమిటో కూడా అంతే నిక్కచ్చిగా చెప్పాలి. నౌకల మోడళ్లు, అంతరిక్ష పోరాటాల షాట్లు కాలిఫోర్నియాలోని వాన్ నైస్‌లో లూకాస్ 1975లో పెట్టిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ పని. జాన్ డైక్‌స్ట్రా బృందం కంప్యూటర్‌తో నడిచే కెమెరా తయారు చేయకపోతే ఆ వేగం తెర మీదికి వచ్చేది కాదు. లైట్‌సేబర్ ఝుంకారం, వేడర్ ఊపిరి బెన్ బర్ట్‌వి. లండన్‌లో మొదలైన ఎడిటింగ్ లూకాస్‌కి నచ్చలేదు. బ్రిటిష్ ఎడిటర్ జాన్ జింప్సన్‌ని తప్పించి, మార్షియా లూకాస్, రిచర్డ్ చ్యూ, పాల్ హర్ష్‌లతో అమెరికాలో మళ్లీ మొదటి నుంచి కూర్చారు. ఈ సినిమా పరుగంతా ఆ ముగ్గురి చలవే. స్థూలంగా చూస్తే నటుడు తాకగలిగినది, తొడిగినది, నిలబడినది లండన్‌లో పుట్టింది. కిటికీ బయట ఎగిరినది, చివరికి వీటన్నిటినీ కలిపి పరుగెత్తించినది కాలిఫోర్నియాలో పుట్టింది.

ఈ పని తర్వాత ఆ బృందం ఖాళీగా కూర్చోలేదు. బారీ ‘సూపర్‌మ్యాన్’ సెట్లు వేశాడు, కానీ 1979లో మెనింజైటిస్‌తో అకస్మాత్తుగా చనిపోయాడు. క్రిస్టియన్, ఆర్ట్ డైరెక్షన్ ఆస్కార్ పంచుకున్న నలుగురిలో ఒకడైన లెస్లీ డిలీ విమానాల తుక్కు పద్ధతిని షెప్పర్టన్‌లో తీసిన ‘ఏలియన్’లోకి తీసుకెళ్లారు. రేనాల్డ్స్ ఎల్‌స్ట్రీలోనే లూకాస్, స్పీల్‌బర్గ్‌లకు ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ చేసి ఇంకో ఆస్కార్ గెలిచాడు. రెండో స్టార్ వార్స్ సినిమాకు వచ్చేసరికి సగం ఫాల్కన్ సరిపోలేదు. వేల్స్‌లోని పెంబ్రోక్ డాక్‌లో పూర్తి ఓడ కట్టి ఎల్‌స్ట్రీకి తెచ్చారు.

ఎవరి వాటా ఎంత అనే ప్రశ్న చివరికి కోర్టుకూ ఎక్కింది. స్టార్మ్‌ట్రూపర్ హెల్మెట్‌కి ఊహ మెక్‌క్వారీది, మట్టి నమూనా నిక్ పెంబర్టన్‌ది, ప్లాస్టిక్ షీటును అచ్చు మీద పీల్చి వరసగా తయారు చేసింది ఆండ్రూ ఎయిన్స్‌వర్త్. 2004లో ఎయిన్స్‌వర్త్ నకళ్లు చేసి అమ్మడం మొదలుపెడితే లూకాస్‌ఫిల్మ్ అమెరికాలోనూ, తర్వాత ఇంగ్లండ్‌లోనూ దావా వేసింది. హెల్మెట్ మీద హక్కు తనదేనన్న ఎయిన్స్‌వర్త్ వాదనను ఇంగ్లండ్ కోర్టులు ఒప్పుకోలేదు. మరి లూకాస్‌ఫిల్మ్‌కైనా అక్కడ కాపీరైట్ ఉందా? ఆ హెల్మెట్ శిల్పమైతే ఉంటుంది, దశాబ్దాల పాటు ఉంటుంది. సినిమా తీయడానికి వాడిన వస్తువు మాత్రమే అయితే ఆ రక్షణ లేదు. 2011 జూలై 27న బ్రిటన్ సుప్రీంకోర్టు అది శిల్పం కాదని తేల్చింది. కళాకృతి అంటే సినిమాయే, హెల్మెట్ దాన్ని తయారు చేయడంలో ఉపయోగపడిన సాధనం అన్న వాదన వైపు నిలిచింది. అదే తీర్పులో, అమెరికన్ కాపీరైట్ ఉల్లంఘన మీద ఇంగ్లండ్ కోర్టులో దావా వేయవచ్చని కూడా చెప్పింది. అలా ఎయిన్స్‌వర్త్ తన హెల్మెట్లను బ్రిటన్‌లో అమ్ముకోగలడు, అమెరికాలో అమ్మితే మాత్రం జవాబు చెప్పుకోవాలి.